ఇంటీరియర్ శైలి అనుకున్నట్టు కుదరలేదా? సమస్య, కారణం, పరిష్కారం

స్కాండినేవియన్, ఇండస్ట్రియల్, మినిమలిస్ట్, బోహీమియన్... పేరు ఏదైనా, ఇలాంటి శైలుల్లో చాలావాటి వెనక ఒక అవసరం ఉంది. చలికాలంలో పగటి వెలుతురు సరిగ్గా అందని ఉత్తర ఐరోపా ఇళ్లలో తెల్ల గోడలు, లేత రంగు చెక్క నిలదొక్కుకున్నాయి. మూతపడిన ఫ్యాక్టరీల్లో జనం కాపురం పెట్టినప్పుడు ఇటుక గోడలు, ఇనుప దూలాలు అలాగే ఉండిపోయాయి. ఆ అవసరాన్ని పట్టించుకోకుండా పైరూపం మాత్రమే ఇంట్లోకి తెచ్చుకుంటే గది ఏదో తేడాగా కనిపిస్తుంది. చాలామంది దానికి మందుగా ఇంకో వస్తువు కొంటారు. నిజానికి కొనడం ఆఖరున చేయాల్సిన పని. వెలుతురు, కొలతలు, రంగు ఛాయ, ఈ మూడూ ఇదే వరసలో చూసుకుంటే సగం సమస్యలు కొత్త సామాను లేకుండానే తీరతాయి.

ముందుగా ఈ పరీక్ష చేయండి

గది గుమ్మం దగ్గర నిలబడి రెండు ఫొటోలు తీయండి. ఒకటి పగలు, లైట్లన్నీ ఆపేసి. ఇంకొకటి రాత్రి, మీరు రోజూ వేసే లైట్లు వేసి. రెండింటినీ ఫోన్‌లోనే బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి.

- పగటి ఫొటో బాగుండి రాత్రిది బాగోకపోతే తప్పు లైట్లది.
- రెండింట్లోనూ గోడ, సోఫా, నేల ఒకే బూడిద రంగుగా కలిసిపోతే ముదురు, లేత రంగుల తేడా చాలలేదు.
- చిన్న చిన్న మచ్చలతో ఫొటో అంతా గజిబిజిగా ఉంటే చిన్న వస్తువులు ఎక్కువయ్యాయి.
- బ్లాక్ అండ్ వైట్‌లో బాగుండి, రంగుల్లో చూస్తేనే ఇబ్బందిగా ఉంటే రంగుల ఛాయలు పొసగడం లేదు.

"తెల్లగా, శుభ్రంగానే ఉంది, కానీ ఆసుపత్రిలా ఉంది"

స్కాండినేవియన్, మినిమలిస్ట్ గదుల్లో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే. కారణం సాధారణంగా ఒక్కటి కాదు, మూడు కలిసి ఉంటాయి.

మొదటిది బల్బు. పెట్టె మీద 6500 కెల్విన్ అని రాసి ఉంటే అది నీలి ఛాయ ఉన్న తెల్లని వెలుతురు. దాని కింద ఏ తెల్ల గోడైనా చల్లగా, పాలిపోయినట్టు కనిపిస్తుంది. హాలుకీ పడకగదికీ 2700 నుంచి 3000 కెల్విన్ తీసుకోండి. వంటింట్లో పని చేసే బల్ల మీద 4000 వరకు పరవాలేదు. అదే పెట్టె మీద సీఆర్ఐ అనే అంకె కూడా చూడండి, ఆ వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో అది చెబుతుంది. అది 90 లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. తక్కువ సీఆర్ఐ ఉన్న బల్బు కింద చెక్క, చర్మం, ఎరుపు రంగులు జీవం లేకుండా కనిపిస్తాయి. ఒకే గదిలో రెండు మూడు రకాల కెల్విన్ బల్బులు కలపకండి.

రెండోది, పైకప్పు మధ్యలో ఉన్న ఒకే ఒక్క లైటు. డెన్మార్క్ డిజైనర్ పౌల్ హెన్నింగ్సెన్ 1920ల్లోనే పొరలు పొరలుగా షేడ్‌లు అమర్చిన దీపాలు తయారు చేశాడు. బల్బు కంటికి నేరుగా తగలకూడదు, వెలుతురు షేడ్ మీద పడి మెత్తగా పరుచుకోవాలి అన్నది అతని పట్టుదల. స్కాండినేవియన్ గదికి ప్రాణం తెల్ల గోడకన్నా ఈ వెలుతురే. ఓ మోస్తరు హాల్లో మూడు నుంచి ఐదు చిన్న దీపాలు, వేర్వేరు ఎత్తుల్లో పెట్టండి: సోఫా పక్కన నిలువు ల్యాంప్, మూలన బల్ల మీద ఒకటి, షెల్ఫులో ఒకటి. సోఫాలో కూర్చుని చూడండి. ఎక్కడైనా బల్బు నేరుగా కంట్లో కొడితే షేడ్ మార్చాలి, లేదా ఎత్తు మార్చాలి.

మూడోది తెలుపు రంగులో దాగున్న ఛాయ. నీలి తెలుపు, గులాబీ తెలుపు, పసుపు తెలుపు, బూడిద తెలుపు అన్నీ డబ్బా మీద తెలుపులాగే ఉంటాయి. పట్టుకోవాలంటే పెయింట్ నమూనా పక్కన మామూలు ప్రింటింగ్ కాగితం పెట్టి చూడండి, ఛాయ వెంటనే బయటపడుతుంది. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పున్న అట్ట మీద రెండు కోట్లు వేసి, దాన్ని నేల పక్కన, సోఫా పక్కన, కిటికీ ఎదుట, కిటికీ ఉన్న గోడకే ఆనించి పెట్టి చూడండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి లైట్ల కింద మూడు సార్లూ చూడాలి. బల్బులు మార్చిన తర్వాతే ఈ పరీక్ష చేయండి. ముందే పెయింట్ ఎంచుకుంటే రెండోసారి వేయాల్సి వస్తుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా చల్లగా ఉంటే, అంతా ఒకే రకం నునుపుగా ఉందేమో చూసుకోండి. మెరిసే లామినేట్, గాజు, మెరిసే టైల్స్ మాత్రమే ఉన్న గదికి ఏ రంగు వేసినా వెచ్చదనం రాదు. ఉన్ని, నార బట్ట, పేము, నూనె పూత మాత్రమే వేసిన చెక్క, వీటిలో కనీసం మూడు కంటికీ చేతికీ అందేలా ఉండాలి.

"మినిమలిస్ట్ గది పది రోజుల్లో మామూలు గది అయిపోయింది"

క్రమశిక్షణ లేకపోవడం వల్ల అనుకుంటారు. కాదు, దాచుకునే చోటు లేకపోవడం వల్ల. ఈ శైలి వస్తువులు లేకుండా బతకమని చెప్పదు, తలుపు వెనక పెట్టమంటుంది. వారం పాటు సోఫా మీద, డైనింగ్ టేబుల్ మీద, గుమ్మం దగ్గర పేరుకునే వస్తువుల జాబితా రాయండి. ఆ జాబితాలో ప్రతిదానికీ అది పేరుకునే చోటుకి దగ్గర్లోనే మూసి ఉండే అర కావాలి. లోతు కొలతలు ముఖ్యం: పుస్తకాలకు 30 సెం.మీ., చెప్పులు, బూట్లకు 35, హ్యాంగర్‌కు వేలాడే బట్టలకు 55 నుంచి 60. అంతకన్నా లోతైన అరలో వెనక వస్తువు కనబడదు, ముందు మళ్లీ కుప్ప పడుతుంది. ఛార్జర్ల కోసం అల్మరా లోపలే ఒక ప్లగ్ పాయింట్ పెట్టించండి, గాలి ఆడేలా వెనక రంధ్రం ఉంచండి. కొత్తగా చేయించిన అరల్లో ఐదో వంతు ఖాళీగా వదలండి.

ఇదే గదిలో మాట ప్రతిధ్వనిస్తోందా? ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చివర్లో గణగణమని మోగితే గట్టి ఉపరితలాలు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయని అర్థం. మందపాటి రగ్గు, దాని కింద ఫెల్ట్ ప్యాడ్, ఎదురెదురు గోడల్లో ఒకదానికి కర్టెన్ వేయండి. కర్టెన్ గుడ్డ వెడల్పు రాడ్డు పొడవుకు రెండు నుంచి రెండున్నర రెట్లు ఉండాలి. మడతలు లేకుండా సాగదీసి కట్టిన పలుచని గుడ్డ శబ్దాన్ని పెద్దగా ఆపదు.

"ఇండస్ట్రియల్ చేయించాం, గది చిన్నదైపోయింది, చీకటిగా ఉంది"

ఈ శైలికి పేరు తెచ్చినవి న్యూయార్క్‌లోని సోహో ప్రాంతపు లాఫ్టులు. 1960లు, 70లలో కళాకారులు అక్కడి ఖాళీ ఫ్యాక్టరీ అంతస్తుల్లో చేరారు. వాటికి ఎత్తైన పైకప్పులు, గోడంత కిటికీలు ఉండేవి. అంత వెలుతురు ఉన్నచోట నల్ల ఇనుము, ముదురు ఇటుక నిలబడతాయి. పైకప్పు 2.7 మీటర్ల ఎత్తులో ఉండి ఒకే కిటికీ ఉన్న గదిలో అవే రంగులు వెలుతురును మింగేస్తాయి.

పైకప్పు నల్లగా ఉంటే ముందు దాన్ని లేత రంగుకు మార్చండి. నలుపును గీతలకే పరిమితం చేయండి: కిటికీ ఫ్రేము, బల్ల కాళ్లు, ల్యాంప్ స్టాండ్, షెల్ఫు అంచు. పెద్ద పలకలుగా నలుపు వద్దు. ఇటుక గోడ ఒక్కటి చాలు. కిటికీ వెలుతురు పక్కనుంచి వాలుగా పడే గోడను ఎంచుకుంటే ఇటుక గరుకుదనం బాగా తేలుతుంది. ఎదురుగా సూటిగా వెలుతురు పడితే అదే ఇటుక చదునుగా కనిపిస్తుంది.

ఇటుక మీద తెల్లటి పొడి తేలుతుంటే అది ఉప్పు. గోడలోని తడి బయటికి వస్తూ ఉప్పును మోసుకొస్తుంది. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ లోపలికి పోతుంది, ఆరాక తిరిగి వస్తుంది. తడి ఎక్కడినుంచి వస్తోందో (పైపు లీకు, బయటి గోడ పగులు, నేల చెమ్మ) ముందు ఆపండి. గోడ పూర్తిగా ఆరాక గట్టి బ్రష్‌తో పొడిగా రుద్ది తుడవండి. ఆ తర్వాతే గాలి ఆడనిచ్చే సిలేన్-సిలోక్సేన్ రకం సీలర్ వేయండి. మెరిసే వార్నిష్ వేస్తే తడి లోపలే చిక్కుకుని, పూత పొరలుగా ఊడి, ఇటుక ముఖం కూడా రాలిపోతుంది.

ఫిలమెంట్ ఆకారపు ఎల్ఈడీ బల్బులు డిమ్మర్‌తో (వెలుతురు పెంచే, తగ్గించే స్విచ్) మిణుకు మిణుకుమంటుంటే, బల్బు మీద "డిమ్మబుల్" అని ఉందో లేదో చూడండి. ఉన్నా మిణుకుతుంటే డిమ్మర్ పాత బల్బుల కాలం నాటిది అయి ఉండవచ్చు. ఎల్ఈడీకి సరిపడే ట్రెయిలింగ్ ఎడ్జ్ డిమ్మర్ వేయించండి. డిమ్మర్‌కు కనీస వాట్ల పరిమితి ఉంటుంది. ఎల్ఈడీలు తక్కువ వాట్లు తీసుకుంటాయి కాబట్టి రెండు బల్బులే ఉన్న చోట ఆ కనీసం దాటడం లేదేమో కూడా చూడాలి. ఇది ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని.

"మిడ్-సెంచరీ ఫర్నిచర్ పెట్టాం, ఏదీ నేలను అంటుకున్నట్టు లేదు"

మిడ్-సెంచరీ అంటే ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలం నాటి శైలి. సన్నటి ఏటవాలు కాళ్లు, నేలకు 15 నుంచి 20 సెం.మీ. ఎత్తులో తేలే సోఫా, కింది నుంచి కనిపించే నేల, ఇదే ఆ శైలి అందం. కానీ సోఫాకీ కుర్చీలకీ బల్లకీ టీపాయ్‌కీ అన్నిటికీ కాళ్లే అయితే ఒకేచోట పదహారు, ఇరవై కాళ్లు కనిపిస్తాయి. ఈ కాళ్ల గుంపును చూడలేకే అమెరికా ఆర్కిటెక్ట్ ఈరో సారినెన్ 1950ల రెండో సగంలో ఒకే కాడ మీద నిలిచే ట్యులిప్ బల్ల, కుర్చీలు గీశాడు. మీరూ అదే చేయవచ్చు: టీపాయ్‌ను గానీ పక్క బల్లను గానీ ఒకే కాడ ఉన్నదానికో, నేలను ఆనే దిమ్మ ఆకారానికో మార్చండి.

సోఫా వీపు తక్కువ ఎత్తు కాబట్టి వెనక గోడ బోడిగా మిగులుతుంది. సోఫా పొడవులో మూడింట రెండు వంతులు వెడల్పున్న బొమ్మ ఒకటి, వీపుకు 15 నుంచి 20 సెం.మీ. పైన తగిలించండి. నాలుగు చిన్న ఫ్రేములు దూరం దూరంగా కొడితే ఆ బోడితనం పోదు.

"ప్రతి వస్తువూ బాగుంది, గది మాత్రం కలవడం లేదు"

రెండు శైలులు కలిపిన ఇళ్లలో ఇది వస్తుంది. శైలులు కలపడం తప్పు కాదు. తప్పు దాదాపు ఎప్పుడూ రగ్గులోనో, చెక్కలోనో, కర్టెన్ ఎత్తులోనో ఉంటుంది.

రగ్గు చిన్నదైతే టీపాయ్ ఒక్కటే దాని మీద నిలబడి, సోఫా, కుర్చీలు చుట్టూ విడివిడిగా మిగిలిపోతాయి. కొనేముందు నేల మీద మాస్కింగ్ టేప్‌తో ఆ కొలత గీసి రెండు రోజులు చూసుకోండి. సోఫా, కుర్చీల ముందు కాళ్లయినా కనీసం 20 సెం.మీ. రగ్గు మీద ఉండాలి. డైనింగ్ టేబుల్ కింద అయితే బల్ల అంచు నుంచి నాలుగు వైపులా 60 సెం.మీ. మిగలాలి, లేకపోతే కుర్చీ వెనక్కి జరిపిన ప్రతిసారీ కాలు అంచులో ఇరుక్కుంటుంది.

చెక్కలో ఛాయ చూడండి. మహాగనీ, రోజ్‌వుడ్ ఎరుపు వైపు, ఓక్, పైన్ పసుపు వైపు, వాల్‌నట్ గోధుమ వైపు మొగ్గుతాయి. రంగులు దాదాపు ఒకటే అనిపించి ఛాయలు వేరైనప్పుడే కంటికి ఇబ్బంది. స్పష్టంగా ఒకటి ముదురు, ఒకటి లేత అయితే పొసుగుతాయి, రెండూ గదిలో కనీసం రెండేసి చోట్ల కనిపించాలి. పాలిష్ మార్చి కలపాలనుకుంటే అది ఏ పదార్థమో ముందు తెలుసుకోండి. గట్టి చెక్కను గీకి తిరిగి రంగు పట్టించవచ్చు. వెనీర్ (ప్లైవుడ్ మీద అతికించే పలుచని అసలు చెక్క) పొర తరచూ ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, 180 లేదా 220 నంబరు ఉప్పు కాగితంతో (శాండ్ పేపర్) చేత్తోనే తేలిగ్గా రుద్దాలి. మెషిన్ పెడితే కింది ప్లైవుడ్ బయటపడుతుంది. లామినేట్‌కు రంగు ఇంకదు, దాన్ని మార్చడం తప్ప పాలిష్ దారి లేదు.

కర్టెన్ రాడ్డు కిటికీ ఫ్రేముకు సరిగ్గా పైనే ఉంటే గది పొట్టిగా కనిపిస్తుంది. ఫ్రేముకు కనీసం 10 నుంచి 15 సెం.మీ. పైన, రెండు పక్కలా 15 నుంచి 25 సెం.మీ. బయటికి వచ్చేలా కొట్టించండి. తెర తీసినప్పుడు గుడ్డ గోడ మీద ఆగాలి, గాజు మీద కాదు.

"బోహీమియన్ అనుకున్నాం, సామాన్ల గదిలా తయారైంది"

ఈ శైలిలో స్వేచ్ఛ నిజమే, కానీ కింద ఒక లెక్క ఉంది. డిజైన్లున్న గుడ్డల్ని బయటికి తీసి పరిమాణం ప్రకారం వేరు చేయండి: పెద్ద పూలు లేదా ఆకారాలు, మధ్యరకం, చిన్న చుక్కలు, గీతలు. మూడు రకాల్లోనూ ఒక్కొక్కటే ఉంచితే చాలు, వాటిలో రెండు రంగులు మాత్రం ఉమ్మడిగా ఉండాలి. అన్నీ మధ్యరకం డిజైన్లే అయితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. గోడ మీది ఫ్రేముల గుంపును ముందు నేల మీద పరిచి చూసుకోండి. మధ్య ఖాళీ 5 నుంచి 7 సెం.మీ., మొత్తం గుంపు మధ్యభాగం నేలకు 145 నుంచి 150 సెం.మీ. ఎత్తులో. ఒక గోడను పూర్తిగా ఖాళీగా వదలండి, మిగతావి కనబడేది దానివల్లే.

"జపాండి గదిలో అంతా ఒకే లేత గోధుమ రంగు, పైగా లేవడం కష్టంగా ఉంది"

జపాండి అంటే జపాన్, స్కాండినేవియన్ శైలుల కలయిక. రంగు విషయంలో మీరు స్కాండినేవియా సగం మాత్రమే తీసుకుని, జపాన్ సగాన్ని వదిలేశారు. బొగ్గు నలుపు లేదా ముదురు గోధుమ మూడు చోట్ల చేర్చండి: ఒక ల్యాంప్, ఒక మట్టి కుండ, ఒక ఫ్రేము. కూర్చునే ఎత్తు 30, 35 సెం.మీ. ఉంటే మోకాళ్లు నొప్పి ఉన్నవారు లేవలేరు. సీటు 43 నుంచి 45 సెం.మీ. ఉంచి, వీపు ఎత్తు తగ్గించండి. దూరం నుంచి చూస్తే ఫర్నిచర్ తక్కువ ఎత్తులోనే ఉన్నట్టు ఉంటుంది.

"ఆర్ట్ డెకో గదిలో కళ్లు అలసిపోతున్నాయి"

1925 పారిస్ అలంకార కళల ప్రదర్శన నుంచి పేరు వచ్చిన ఈ శైలిలో అద్దం, ఇత్తడి, లాకర్ (నునుపైన వార్నిష్ లాంటిది) పూత అన్నీ మెరిసేవే. వాటి మీదికి పైకప్పు స్పాట్ లైట్లు సూటిగా పడితే ప్రతి కదలికకీ మెరుపు కంట్లో కొడుతుంది. స్పాట్ లైట్లను మెరిసే ఉపరితలం వైపు నుంచి వెల్వెట్, కార్పెట్ వైపు తిప్పండి. అద్దం దగ్గర నిలువుగా రెండు పక్కలా గోడ దీపాలు, 150 నుంచి 165 సెం.మీ. ఎత్తులో పెట్టండి. అద్దం తగిలించే ముందు దాన్ని ఎవరైనా పట్టుకుంటే మీరు రోజూ కూర్చునే చోటు నుంచి చూడండి. అందులో బల్బు గానీ, చిందరవందర మూల గానీ కనిపిస్తే ఆ గోడ వద్దు.