పిల్లల మొదటి వేట రైఫిల్: కొనేముందు కొలవండి

వేటకు చట్టబద్ధంగా అనుమతి ఉన్న దేశానికి కొత్తగా వచ్చి, తోటివారిని చూసి తమకూ నేర్పించమని పిల్లలు అడుగుతుంటే ఏ రైఫిల్ కొనాలో తోచని తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. మీ వీసాపై తుపాకీ ఉంచుకోవచ్చా, లైసెన్సుకూ పిల్లల వయసుకూ ఉన్న నిబంధనలేమిటి అన్నవి ముందే తేల్చుకొని ఉంటారు కనుక వాటి జోలికి వెళ్లను.

నన్ను కలవరపెట్టేది కొలత. ఎదిగే పిల్లలకు బట్టలు వదులుగా కుట్టించినట్టు, రెండేళ్లలో సరిపోతుందిలే అని పెద్దల రైఫిల్ కొనేస్తున్నారు. ఈమధ్య గురి సాధన చేసే చోట ఒక చిన్నపిల్ల చేతిలో .30-06 అనే శక్తిమంతమైన తూటాను కాల్చే పెద్దల రైఫిల్ చూశాను. బట్ (భుజానికి ఆనించే వెనక చివర) భుజం గుంటలో ఆనకుండా చేతి కండ మీదికి జారిపోతోంది. ముందుకు లాగేస్తున్న బరువును ఆపలేక ఆ పిల్ల నడుము వెనక్కి వంచి నిలబడింది. రెండో తూటాకే కళ్లు గట్టిగా మూసుకొని ట్రిగ్గర్ నొక్కింది. తండ్రి "భయపడకు" అంటున్నారే తప్ప ఆ భయం ఎక్కడి నుంచి వస్తోందో చూడలేదు. ఇక్కడికి వచ్చిన తొలి నెలల్లో నేనూ నా చేతికి పొడవైన అరువు రైఫిల్‌తోనే నేర్చుకున్నాను. కాల్చినప్పుడు అది వెనక్కి తన్నిన తన్నుకు పట్టుకున్న ఉలికిపాటు వదలడానికి చాలాకాలం పట్టింది.

దయచేసి కొలిచి కొనండి. తుపాకీలో తూటా లేదని స్వయంగా చూసి, గొట్టాన్ని ఎవరివైపూ తిప్పకుండా పట్టుకొని, బట్‌ను పిల్లల మోచేతి మడతకు ఆనించండి; చూపుడువేలు ట్రిగ్గర్‌ను ఇబ్బంది లేకుండా అందుకోవాలి. బట్ చివరి నుంచి ట్రిగ్గర్ వరకు పెద్దల రైఫిళ్లలో సుమారు 13.5 అంగుళాలు, పిల్లల కోసం చేసినవాటిలో 12 లేదా 12.5 అంగుళాలు ఉంటుంది. వేటకు వేసుకునే మందపాటి కోటుతోనే కొలవండి, ఎందుకంటే కోటు మందమూ ఆ పొడవుకు కలుస్తుంది. స్కోప్‌కూ (గురి చూసే దుర్భిణికీ) కంటికీ మధ్య మూడు, నాలుగు అంగుళాల ఎడం లేకపోతే కాల్చినప్పుడు అది వెనక్కి వచ్చి కనుబొమను చీల్చవచ్చు.

తూటా సంగతి ఇంత చిక్కు కాదు. సాధనకు .22, జింక వేటకు 1955 నుంచి ఉన్న .243 విన్‌చెస్టర్ చాలు. ఒకే బరువున్న రైఫిళ్లలో .243, .30-06 తన్నేదాంట్లో సుమారు సగమే తన్నుతుంది. అయితే మోయడం తేలికని మరీ తేలికైన రైఫిల్ కొనకండి, అది ఎక్కువ తన్నుతుంది. ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ (తూటాను గొట్టంలోకి తోసే కడ్డీ) లాగవలసిన రకమే పిల్లలకు మంచిది. చెవులకు రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా కాల్చనివ్వవద్దు. ఇంట్లో రైఫిల్ ఒక తాళంలో, తూటాలు మరో తాళంలో ఉండాలి.

ఇన్ని చెప్పానని వెనకడుగు వేయనక్కరలేదు. పిల్లలు ఎదిగేకొద్దీ బట్‌కు పలకలు చేర్చి పొడవు పెంచుకునే రైఫిళ్లు దొరుకుతాయి, కాబట్టి ఇప్పుడు సరిపోయేది కొన్నంత మాత్రాన డబ్బు వృథా కాదు.