మీకిష్టమైన వీడియో గేమ్‌లకు ర్యాంకులు ఇచ్చుకోవడం ఎలా (నా ఏడు ఆటలతో సహా)

"టాప్ టెన్ గేమ్స్" అని వెతికితే బోలెడు లిస్టులు వస్తాయి, అన్నిట్లో దాదాపు అవే పేర్లు, దాదాపు అదే వరుస. వాటిని చూసి రాసుకుంటే వాళ్ళ లిస్ట్ కింద మనం సంతకం పెట్టినట్టే. మన ఇష్టాలు మనమే తేల్చుకోవాలంటే కొంచెం పని ఉంది. ఏ ఆటకి ఏ నంబర్ అన్నదాని కంటే దాని పక్కన రాసే కారణం నాకు ముఖ్యం, ఎందుకంటే కారణం గట్టిగా ఉంటే ఆ ఆట పేరే విననివాళ్ళకు కూడా మీకు అందులో ఏం దొరికిందో అర్థమవుతుంది. "సూపర్ గేమ్ బ్రో" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. నేను ఎలా చేస్తానో చెప్తాను, తర్వాత నా ఏడు ఆటలు పెడతాను.

ముందు పేర్లు రాసుకోండి. ఫోన్‌లో నోట్స్ తెరిచి గుర్తొచ్చినవన్నీ వేసుకుంటూ పోండి, నెట్‌లో చూడొద్దు, యూట్యూబ్ అసలే వద్దు. ఒకేసారి కూర్చుంటే అన్నీ గుర్తురావు, హన్మకొండ నుంచి కాజీపేట పోయే బస్సులో ఉన్నప్పుడో, అన్నం తింటున్నప్పుడో ఇంకోటి తడుతుంది, అప్పుడు చేర్చండి. చిన్నప్పటివి చిన్నచూపు చూడొద్దు. టీవీకి తగిలించి ఆడిన మారియో, కాంట్రా, నోకియా ఫోన్‌లో పాము ఆట, కంప్యూటర్ ల్యాబ్‌లో సార్ అటు తిరిగినప్పుడు ఆడిన రోడ్ రాష్, అన్నీ రాయండి. పేరు సరిగ్గా తెలియకపోయినా పర్వాలేదు. కాయిన్ వేసి ఆడే పార్లర్లలో మనమందరం ముస్తఫా అన్న ఆట అసలు పేరు "క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్", క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చింది. మీకు ముస్తఫా అని గుర్తుంటే ముస్తఫా అనే రాసుకోండి.

తర్వాత వడపోత, అసలు కష్టం ఇక్కడే. మనకు ఆ ఆట నచ్చిందా, ఆ రోజులు నచ్చాయా అన్నది విడదీయాలి. నయీంనగర్ వైపు నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడినవాళ్ళని అడగండి, చాలామంది అదే నంబర్ వన్ అంటారు. పక్క కేబిన్‌లోంచి దోస్తు అరుపులు, డస్ట్ 2 మ్యాప్‌లో అందరూ ఒకే గుమ్మం దగ్గర చావడం, గంట అయిపోయిందని సెంటర్ అన్న వచ్చి చెప్తే ఇంకో పది నిమిషాలన్నా అని బతిమాలడం, ఇవన్నీ నిజంగా గొప్ప సంగతులే. అందుకే ఒక ప్రశ్న వేసుకోవాలి: అదే గది, అదే దోస్తులు, ఆట మాత్రం వేరే అయి ఉంటే సంతోషం తగ్గేదా? తగ్గేది కాదు అనిపిస్తే ఆ ఇష్టం దోస్తుల మీద, దాన్ని లిస్ట్‌లోకి తేకండి. తగ్గేది అనిపిస్తే ఆటలోనే ఏదో ఉంది, ఉంచండి.

నాకు పబ్జీ మొబైల్ విషయంలో ఈ ప్రశ్నకి జవాబు దానంతట అదే దొరికింది. 2020 సెప్టెంబర్‌లో మన దేశంలో దాన్ని ఆపేసినప్పుడు మా గ్యాంగ్ వేరే ఆటకి మారిపోయింది, మాటలు నవ్వులు ఏమాత్రం తగ్గలేదు. 2021లో బీజీఎంఐగా తిరిగొస్తే మళ్ళీ అందరం చేరాం, సంతోషం పెరిగిందీ లేదు. కాబట్టి అది నా ఏడింట్లో లేదు, మా తమ్ముడు ఎంత గొడవపెట్టినా లేదు.

వీలైతే ప్రతి ఆటా మళ్ళీ ఓ గంట ఆడి చూడండి. కొన్ని ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కి 2019లో డెఫినిటివ్ ఎడిషన్ అని మెరుగుపరిచిన కొత్త రూపం వచ్చింది, స్టార్‌డ్యూ వ్యాలీ ఫోన్‌లోనూ ఉంది. సీడీల కాలం నాటివి కొత్త విండోస్‌లో మొరాయిస్తాయి, అలాంటప్పుడు ఏదో తెలియని సైట్ నుంచి ఫైల్ దించుకుని ఇంట్లో కంప్యూటర్‌కి వైరస్ ఎక్కించొద్దు, పూర్తి ఆట రికార్డ్ చేసి పెట్టిన వీడియో చూసినా సగం పని అవుతుంది (పేర్లు రాసుకునే పని అయిపోయాక యూట్యూబ్ తెరవొచ్చు). మళ్ళీ ఆడేటప్పుడు ఒక్కటే గమనించండి: బొమ్మలు పాతబడ్డాయన్న సంగతి కాసేపటికే మర్చిపోయారా, లేక చివరిదాకా అదే కనిపిస్తోందా?

ఇక కారణం రాయడం. గ్రాఫిక్స్, స్టోరీ, టైంపాస్, అడిక్షన్, ఈ నాలుగు మాటలు వాడొద్దని మీకు మీరే రూల్ పెట్టుకోండి. వాటి బదులు ఆ ఆటలో మీరు క్షణక్షణం ఏం చేస్తుంటారో రాయండి. రోడ్ రాష్ తీసుకుందాం. "బైక్ రేస్, కొట్టుకోవచ్చు, మస్తుంటది" అంటే అది ఆ ఆట డబ్బా మీద కూడా ఉంటుంది. "పక్కవాడి చేతిలో ఉన్నది లాక్కుని వాణ్నే కొట్టొచ్చు, కానీ కొట్టడానికి అటు చూసిన అర సెకనులో ఎదురుగా కారు వచ్చేస్తుంది, వాణ్ని చూడాలా రోడ్డు చూడాలా అన్న టెన్షన్ రేస్ మొత్తం వదలదు" అంటే ఆడినవాడు రాశాడని తెలుస్తుంది. ఇంత రాయలేకపోతే ఆ ఆట మీకు అంతగా నచ్చలేదేమో, ఆలోచించండి. నచ్చిన ప్రతి ఆట మీదా ఒక ఫిర్యాదు కూడా రాయండి. ఫిర్యాదు లేదంటే ఆ ఆటని ఇంకా సరిగ్గా చూడలేదని నా అభిప్రాయం.

వరుస పెట్టడానికి నేను వాడేది పాత హార్డ్ డిస్క్ పద్ధతి. అప్పట్లో 40 జీబీ డిస్క్‌లో కొత్త ఆట ఎక్కించాలంటే పాతది ఒకటి తీసేయాల్సిందే, ఏది తీసేయాలన్న దగ్గర మనసులో మాట బయటపడేది. రెండేసి ఆటలు పక్కపక్కన పెట్టి, ఒకటి మళ్ళీ జన్మలో ఆడలేవు, ఏది వదులుతావు అని అడగండి. వెంటనే వచ్చిన జవాబు రాసుకోండి. పది నిమిషాలు ఆలోచించి చెప్పే జవాబులో మొహమాటం చేరుతుంది, ఫలానా ఆట అందరూ గొప్పదంటారు కదా అని పైకి జరిపేస్తాం. అయిపోయాక కింద తేదీ వేయండి, తీసేసిన ఆటల పేర్లు చెరపకుండా అక్కడే ఉంచండి, వచ్చే ఏడాది వాటిలో ఒకటి మళ్ళీ పైకి రావచ్చు.

ఇవి నావి, కింద నుంచి పైకి.

ఏడోది ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది శాండ్స్ ఆఫ్ టైమ్, 2003. దూకి పడిపోతే కాలాన్ని వెనక్కి తిప్పి మళ్ళీ గోడ మీదకి రావొచ్చు, ఆ ధైర్యంతో లేకపోతే దూకనే దూకని చోట్ల దూకుతాం. ఫైటింగ్ మాత్రం ఒకేలా సాగుతూ విసుగు పుట్టిస్తుంది.

ఆరోది ముస్తఫా. ఒకే మెషీన్ మీద ముగ్గురు ఆడొచ్చు, తెర ముందుకి జరగాలంటే ముగ్గురూ కదలాలి, కాబట్టి ఒకడు ముందుకు ఉరికితే లాభం లేదు. కింద తిండి దొరికితే ఎవరి లైఫ్ తక్కువుందో వాడికి వదలాలి, వదలకపోతే అక్కడే పంచాయితీ. దోస్తీ ఇందులో ఆటే పెట్టిన రూల్, అందుకే వడపోతలో నిలబడింది. ఫిర్యాదు: జేబులో కాయిన్లు ఎన్నుంటే అంత దూరం పోతాం, చివరికొచ్చేసరికి చేతి నైపుణ్యం కంటే చిల్లర ఎక్కువ పనిచేస్తుంది.

ఐదోది వైస్ సిటీ. 2002లో వచ్చింది, కథ 1986లో జరుగుతుంది. మిషన్లు నాకు పెద్దగా పట్టవు. కారెక్కి, రేడియో స్టేషన్ మార్చుకుంటూ, బీచ్ రోడ్డు వెంట ఎటూ పోకుండా తిరగడమే ఇష్టం. సముద్రం లేని ఊళ్ళో పెరిగినవాడికి ఆ రోడ్డు ఒక లోకం. ఇందులో హీరో టామీకి ఈత రాదు, నీళ్ళలో పడితే చావడమే, అంత సముద్రం పెట్టి ఈత పెట్టకపోవడం నాకు ఇప్పటికీ లోటే.

నాలుగోది ఈఏ క్రికెట్ 07. దీనికి బ్యాటింగ్ కారణం కాదు, టైమింగ్ ఒకసారి చేతికొచ్చాక పరుగులు మరీ తేలిగ్గా వస్తాయి, అదే ఫిర్యాదు కూడా. కారణం టెస్ట్ మ్యాచ్. రిచీ బెనాడ్, మార్క్ నికోలస్ కామెంటరీ వింటూ, ఫీల్డింగ్ ఒక్కో మనిషిని జరుపుతూ, వికెట్ పడక ఓవర్ల మీద ఓవర్లు వేయడం, వేసవి మధ్యాహ్నం అంతా అందులోనే గడిచిపోయేది. ఆ సిరీస్‌లో తర్వాత కొత్త ఆట రాలేదు, మనవాళ్ళే ఏళ్ళ తరబడి కొత్త జెర్సీలు, కొత్త ఆటగాళ్ళతో ప్యాచ్‌లు (ఆటకి అతికించే చిన్న ఫైళ్ళు) తయారుచేసి దాన్ని బతికించుకున్నారు.

మూడోది స్టార్‌డ్యూ వ్యాలీ, 2016. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి బొమ్మలు, సంగీతం, ప్రోగ్రామింగ్ అన్నీ తానే చేశాడు. తాత వదిలిన పాడుబడ్డ పొలం, 28 రోజులకో సీజన్, సీజన్ మారితే చాలా పంటలు ఎండిపోతాయి, వాన పడిన రోజు నీళ్ళు పెట్టే పని ఉండదు. చూసినవాళ్ళు ఇది పిల్లల ఆట అంటారు. నేను మిర్చి, పత్తి వేసే కుటుంబాల మధ్య పెరిగాను, ఎనుమాముల మార్కెట్‌కి బస్తాలు తీసుకెళ్ళినరోజు ఇంటికి ఏ ముఖంతో వస్తారో ఆ రోజు రేటును బట్టి ఉండేది. ఈ ఆటలో విత్తనం నాటే రోజే ఆ పంటకి ఎంత వస్తుందో తెలుస్తుంది, సాయంత్రం పెట్టెలో వేస్తే తెల్లారేసరికి ఆ డబ్బు వస్తుంది. కాకులు తింటాయి, దిష్టిబొమ్మ పెట్టాలి, అది మన చేతిలో పని. పడిన కష్టానికి ముందే తెలిసిన ధర ఉండే వ్యవసాయం చేయడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఆడి చూడండి, నాకు అది గుండెకి తగిలింది. ఫిర్యాదు చేపలు పట్టడం, కదిలే చేప బొమ్మ మీద ఆ పచ్చ గీతని నిలపడం నా వల్ల కాదు.

రెండోది ప్రాజెక్ట్ ఐజీఐ, 2000. నార్వేకి చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్ చేసింది. మిషన్ మధ్యలో సేవ్ ఉండదు, గోడ దూకి, కెమెరా ఆపి, అలారం మోగకుండా చివరిదాకా వచ్చి చస్తే మళ్ళీ మొదటి నుంచి. దీనికి మన ఎండాకాలం కరెంటు కోతలు తోడయ్యేవి, యూపీఎస్ లేని ఇంట్లో ఎన్నింటికి కరెంటు పోతుందో చూసుకుని మిషన్ మొదలుపెట్టేవాళ్ళం. సేవ్ లేకపోవడమే ఈ ఆట ప్రాణం. కొండ మీద పడుకుని బైనాక్యులర్‌తో గార్డులు ఎటు తిరుగుతున్నారో చూసి, మ్యాప్ తెరిచి పైనుంచి దారి లెక్కేసుకుని, అప్పుడు మొదటి అడుగు వేస్తాం. తుపాకీ పేల్చే సమయం కంటే చూస్తూ కూర్చునే సమయం ఎక్కువ, అంత ఓపిక నాకు ఏ చదువూ నేర్పలేదు. అలారం మోగితే ఖాళీగా కనిపించిన బ్యారక్‌లోంచి మనుషులు వస్తూనే ఉంటారు, అది మాత్రం అన్యాయం.

మొదటిది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, 1999. హార్డ్ డిస్క్ ప్రశ్నలో దీన్ని వదలమని ఒక్కసారి కూడా జవాబు రాలేదు. ఒక టౌన్ సెంటర్, ముగ్గురు పనివాళ్ళు, గుర్రం మీద ఒక స్కౌట్, కొంచెం తిండి, కట్టె, బంగారం, రాయి, ఇంతే చేతిలో పెడతారు. ఒక మనిషిని పుట్టించడానికి 50 తిండి, తర్వాతి యుగానికి పోవడానికి 500 తిండి. ఇప్పుడు మనుషుల్ని పెంచుకోవాలా, ఆపి యుగం మారాలా? గొర్రెలు అయిపోయేలోపు పొలాలకి కట్టె ఉందా? సైన్యం మీద పెట్టిన ప్రతి రూపాయీ ఊరి నోట్లోంచి తీసిందే. యుద్ధం గురించిన ఆటల్లో ఈ సంగతి ఇంత బాగా చూపించింది నేను ఇంకోటి చూడలేదు.

ఇంకో కారణం మన ఊరు. ఖిలా వరంగల్ దగ్గర మట్టి కోట దాటి, కందకం దాటి, రాతి కోట ద్వారం లోపలికి పోతుంటే దారి నేరుగా ఉండదు, మలుపు తిరుగుతుంది. ఆ మలుపు ఎందుకో నాకు ఈ ఆటలో గోడలు కట్టినప్పుడే తెలిసింది. ద్వారం ఎదురుగా నేరు దారి వదిలితే శత్రువు గుర్రాలు ఒక్క ఊపులో ఊరి మధ్యకి వచ్చేస్తాయి, ఒక మలుపు పెడితే అక్కడ ఆగుతాయి, ఆగినచోట విలుకాండ్రు పని చూసుకుంటారు. గణపతిదేవుడు, రుద్రమదేవి కట్టించిన కోటని ఆ తర్వాత వేరే కళ్ళతో చూశాను, ఇప్పటికీ చుట్టాలొస్తే తీసుకెళ్ళి ఆ మలుపులు చూపిస్తాను.

దీనిమీద ఫిర్యాదు రాయడానికి చాలాసేపు పట్టింది. 2022లో మన దేశం మీద కొత్త భాగం తెచ్చి ఆడటానికి ద్రావిడులు, బెంగాలీలు, గూర్జరులు అని కొత్త జాతుల్ని పెట్టారు, చాలా సంతోషించాను. మన మ్యాప్ మనమే తయారుచేసుకునే సినారియో ఎడిటర్‌లో ఓరుగల్లు మ్యాప్ కడుతుంటే రాతి కోట బాగా కుదిరింది, కందకానికి నీళ్ళూ కుదిరాయి. బయటి మట్టి కోట దగ్గరే ఆగిపోయాను, ఎందుకంటే మామూలు ఆటలో కట్టుకోవడానికి ఉన్నవి చెక్క కంచె, రాతి గోడ, అంతే. ఎత్తు నేలని చుట్టూ కట్టలా లేపి దానిమీద కంచె వేస్తే దూరం నుంచి కొంత దగ్గరగా ఉంటుంది, ప్రస్తుతానికి అలాగే కట్టాను.