నల్లా బిల్లు బకాయి పడిందా? కనెక్షన్ కట్ కాకముందే చూసుకోవాల్సినవి

హైదరాబాద్‌లో జలమండలి ఇంటి కనెక్షన్‌కు నెలకు 20 కిలోలీటర్లు, అంటే 20 వేల లీటర్లు ఉచితంగా ఇస్తోంది. అయినా వేలల్లో బకాయి నోటీసులు వస్తున్నాయి. కంగారుపడి కట్టేయొద్దు, పక్కన పడేయొద్దు. బకాయి ఎందుకు పడిందో ముందు తేల్చుకోండి.

సమస్య: వాడేది తక్కువే, బిల్లు మాత్రం ఆగట్లేదు.
క్యాన్ నంబరుకు (బిల్లు మీద ఉండే మీ కనెక్షన్ ఖాతా నంబరు) ఆధార్ లింకు అయి ఉండదు, లేదా మీటరు ఆగిపోయి ఉంటుంది. ఈ రెండూ సరిగా ఉంటేనే ఉచితం. బస్తీ కనెక్షన్లకు మీటరు షరతు లేదు. అపార్ట్‌మెంట్‌కు క్యాన్ ఒకటే అయినా ప్రతి ఫ్లాటూ విడిగా లింకు కావాలి. లింకు కాని ఫ్లాట్ల వాటా ఆ ఉమ్మడి బిల్లులోనే పడుతుంది. ఎవరెవరు మిగిలారో అసోసియేషన్ పేరుపేరునా చూసుకోవాలి.

సమస్య: లింకు ఉంది, మీటరు తిరుగుతోంది, బిల్లు ఒక్కసారిగా పెరిగింది.
లీకేజీని అనుమానించండి. నీళ్లు వదిలినప్పుడు సంపు వాల్వు పూర్తిగా కట్టేసి మీటరులోని చిన్న చక్రం చూడండి. ఇంకా తిరుగుతుంటే మీటరుకీ సంపుకీ మధ్య పైపు పగిలినట్టే. ఆగితే, సంపు నిండాక నీటిమట్టం దగ్గర సుద్దతో గీత పెట్టి, రెండు గంటలు మోటారు వేయకండి. మట్టం దిగితే సంపుకే పగులు. అదీ కాకపోతే ఫ్లష్ ట్యాంకు చూడండి. నిమిషానికి అర లీటరు కారితే రోజుకు 720 లీటర్లు, నెలకు 21,600. ఉచిత కోటా మొత్తం మరుగుదొడ్డిలోనే పోయింది!

సమస్య: బకాయి నిజమే, ఒకేసారి కట్టే స్తోమత లేదు.
నోటీసు తర్వాత వచ్చేది కనెక్షన్ కట్ చేసే లైన్‌మనే. అంతకుముందే మీ ప్రాంతంలోని జలమండలి సెక్షన్ ఆఫీసుకు వెళ్లి, వాయిదాలు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి, కట్టగలిగినంత కట్టి రశీదు తీసుకోండి. 2024 అక్టోబర్‌లో పెట్టిన వన్ టైమ్ సెటిల్‌మెంట్‌లో అసలు కట్టినవారికి ఆలస్య రుసుము, వడ్డీ మాఫీ చేశారు. అసలు మాత్రం మాఫీ కాలేదు. మళ్లీ అలాంటిది వస్తుందని కట్టకుండా కూర్చుంటే ఈలోపు వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

బిల్లే తప్పైతే జలమండలి ఫోన్ నంబరు 155313కి ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి.

సమస్య: కట్ చేసేశారు.
ప్లంబరుతో సొంతంగా కలిపించుకోవద్దు, అక్రమ కనెక్షన్ కింద కేసవుతుంది. బకాయి కట్టిన రశీదుతో సెక్షన్ ఆఫీసులోనే పునరుద్ధరణ అడగండి.

పాత ఇల్లు కొంటుంటే రిజిస్ట్రేషన్‌కు ముందే క్యాన్ నంబరు తీసుకుని బకాయి చూడండి. ఇల్లు చేతులు మారినా అది ఆ నంబరు మీదే ఉంటుంది.