సిగ్నల్ అందని బడుల టీచర్లకు శిక్షణ నడపాలంటే

2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. అక్టోబరుకు కేంద్రం వాళ్ల చదువుల యాప్ దీక్షాలో, టీచర్లకు నిష్ఠా అనే ఆన్‌లైన్ శిక్షణ మొదలైంది. మొత్తం 18 కోర్సులు, చివర్లో క్విజ్. తిరుపతి టౌన్లో ఉండే సార్లకు ఇబ్బంది లేదు. భాకరాపేట ఘాటు దాటి తలకోన వైపు పోతే కథ వేరు. నేనప్పుడు ఆ వైపు సీఆర్పీని, అంటే కొన్ని బడుల టీచర్లకు తోడుగా ఉండే క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ని. మళ్లీ అలాంటి రోజులొస్తే ఇలా చేయండి.

ముందు టీచర్ల జాబితా రాసుకోండి. ‘స్మార్ట్‌ఫోన్ ఉందా’ అని అడిగితే అందరూ ఉందనే అంటారు. ఎన్ని గంటలకు, ఎక్కడ నిలబడితే కాల్ తెగకుండా ఉంటుందో అడగండి. ‘వాటర్ ట్యాంకు మెట్ల మీద సార్, పొద్దున ఏడు లోపల’ అని ఒక మేడమ్ చెప్పారు. ఆమెకు టైమ్‌టేబుల్ ఆ మెట్లే!

వీడియోలు బ్యాంకు పనికో సరుకులకో భాకరాపేట వచ్చినప్పుడు దించుకోమనండి. నెట్ ఉన్నప్పుడే కోర్సులో చేరిపోవాలి, తర్వాత ఇంట్లో చూసుకోవచ్చు. సర్టిఫికెట్‌కు క్విజ్ రాయాలి. జవాబులు వాట్సాప్‌లో తిరుగుతాయి, మీరు ఆపలేరు. దానికి టెన్షన్ పడొద్దు.

అసలు శిక్షణ వారానికోసారి చేసే ఫోన్ కాల్‌లో జరుగుతుంది. నలుగురైదుగురిని మించి కలపకండి, మించితే అందరూ వినేవాళ్లే అవుతారు. వీడియోలో ఏముందని అడగొద్దు. ‘ఈ వారం ఏ పిల్లకు ఏం చెప్పారు, ఎక్కడ ఆగింది’ అని అడగండి.

ఒక కాల్‌లో ఈ సంగతి వచ్చింది: సుగాలి తాండాలో ఒకటో తరగతి పాప చింతపిక్కలు పదేసి కుప్పలు పోసి చకచకా లెక్కపెట్టేసింది, వాళ్ల ఇంటి భాషలో. అదే లెక్క తెలుగులో చెప్పమంటే నోరు మెదపలేదు. లెక్క రాదనుకుందామా, తెలుగు రాదనుకుందామా? ఆ కాల్ అంతా దీనికే సరిపోయింది. ముందు పాపను తన భాషలోనే లెక్కపెట్టనిచ్చి, కుప్ప పూర్తయినప్పుడల్లా తెలుగు మాట అందించాలని చివరికి టీచర్లే తేల్చుకున్నారు. ఆ మాటలు ఫోన్లో రికార్డు చేసి మిగతావాళ్లకూ పంపాం.

పిల్లల్ని కలవడానికి యానాది కాలనీలకు పగలు పోయి లాభం లేదు. పెద్దవాళ్లు కూలికో మామిడితోట కావలికో పోతారు, పిల్లలూ వెంటే. సాయంత్రం పోండి. మాస్కు పెట్టుకుని ఆరుబయటే, దూరం దూరంగా కూర్చోండి.

కాల్‌కు రాని టీచరు పేరు గ్రూపులో పెట్టొద్దు. విడిగా ఫోన్ చేయండి. అప్పట్లో చాలాసార్లు కారణం నాడు-నేడు పనులే, అంటే ప్రభుత్వ బడుల మరమ్మతు పనులు. సిమెంటు లోడు దిగుతుంటే హెచ్ఎం ఫోన్ ఎత్తలేరు. అలాంటివాళ్లకు రాత్రి భోజనాలయ్యాక ఇంకో కాల్ పెట్టండి.