ప్రోటీన్‌లో ఏ రెసిడ్యూ దేన్ని తాకుతోంది? కాంటాక్ట్‌లు లెక్కించడం ఎలా?

ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. గొలుసులో చేరాక ఒక్కో అమైనో ఆమ్లాన్ని రెసిడ్యూ అంటారు. ఆ గొలుసు ముడుచుకున్నప్పుడు వరుసలో ఎక్కడో దూరంగా ఉన్న రెండు రెసిడ్యూలు వచ్చి ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. అదే కాంటాక్ట్. ఒక మ్యుటేషన్ ప్రోటీన్‌ను ఎందుకు పాడుచేసింది, రెండు ప్రోటీన్లు ఎక్కడ అతుక్కున్నాయి, ఈ మడత దేని బలంతో నిలబడింది అని అడిగితే మొదట చూడాల్సింది కాంటాక్ట్‌లనే. లెక్క హైస్కూల్ స్థాయిదే, రెండు బిందువుల మధ్య దూరం కనుక్కోవడం. అయినా నాకు చూడమని పంపే కాంటాక్ట్ పట్టికల్లో చాలావాటిని మళ్లీ మొదటినుంచీ చేయించాల్సి వస్తోంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: దేన్ని కాంటాక్ట్ అనుకుంటున్నామో తేల్చుకోకుండానే ప్రోగ్రామ్ నడిపేస్తున్నారు.

కావలసినవి

పైథాన్, అందులో జీవశాస్త్ర ఫైళ్లు చదివే బయోపైథాన్. కళ్లతో చూడటానికి పైమోల్ గానీ కైమెరాఎక్స్ గానీ. ప్రోటీన్ కదలికను కంప్యూటర్‌లో నడిపి చూసిన సిమ్యులేషన్ ఫలితాలైతే ఎండీట్రాజ్. మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ఫైల్ తెచ్చుకోవడం

ప్రోటీన్ నిర్మాణాలను దాచే ప్రోటీన్ డేటా బ్యాంక్ 1971 నుంచి నడుస్తోంది, ఎవరైనా ఉచితంగా ఫైళ్లు దించుకోవచ్చు. ఎంఎంసిఫ్ ఫార్మాట్‌లోనే తీసుకోండి. పాత పీడీబీ ఫార్మాట్‌లో 99,999 పరమాణువులకు మించి పట్టవు. స్ఫటికం నుంచి ఎక్స్-రేతో తేల్చిన నిర్మాణమైతే రిజల్యూషన్ (ఎంత చిన్న వివరం కనబడుతుందన్న కొలత, అంకె తగ్గితే మెరుగు) 2.5 ఆంగ్‌స్ట్రామ్‌లు గానీ అంతకంటే మెరుగ్గా గానీ ఉండాలి. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటర్‌లో పది కోట్లవ వంతు. 3 దాటిన నిర్మాణాల్లో పక్క గొలుసులు, అంటే అసలు గొలుసు నుంచి పక్కకు పొడుచుకొచ్చే భాగాలు, ఎటు తిరిగి ఉన్నాయో చాలాచోట్ల గట్టిగా చెప్పలేం.

ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామ్ ఊహించిన నిర్మాణమైతే బీ-ఫ్యాక్టర్ కాలమ్‌లో ఉండేది పీఎల్‌డీడీటీ అనే నమ్మకపు స్కోరు. 70కి దిగువన ఉన్న రెసిడ్యూలను పట్టికలో చేర్చకండి. రెండు డొమైన్ల (ప్రోటీన్‌లో విడిగా ముడుచుకునే భాగాల) మధ్య కాంటాక్ట్‌లు కావాలంటే పీఏఈ పటం (భాగాల పరస్పర స్థానంలో ఎంత తప్పుండొచ్చో చూపేది) కూడా చూడాలి. ఒక్కో డొమైన్ విడిగా చక్కగా వచ్చి, అవి ఒకదానికొకటి ఎలా ఆని ఉన్నాయన్నది మాత్రం తప్పయి ఉండొచ్చు.

ఫైల్‌లో మొత్తం ప్రోటీన్ ఉందా?

ఎక్స్-రే ఫైల్‌లో మామూలుగా ఉండేది స్ఫటికంలో పదేపదే వచ్చే అమరికలోని అతి చిన్న భాగం. ఒంట్లో పనిచేసే ప్రోటీన్ అంతకంటే పెద్దది కావచ్చు. హీమోగ్లోబిన్‌నే చూడండి. ఆక్సిజన్ లేని రూపమైన 2హెచ్‌హెచ్‌బీ ఫైల్‌లో నాలుగు గొలుసులూ ఉంటాయి. ఆక్సిజన్ పట్టిన రూపమైన 1హెచ్‌హెచ్‌ఓ ఫైల్‌లో ఒక ఆల్ఫా, ఒక బీటా గొలుసు మాత్రమే ఉంటాయి. ఈ రెండు ఫైళ్లనూ ఉన్నవి ఉన్నట్టుగా పోల్చి, ఆక్సిజన్ చేరగానే ఇన్ని కాంటాక్ట్‌లు తెగిపోయాయని రాస్తే అది శుద్ధ తప్పు. ఆ గొలుసులు అసలు ఫైల్‌లోనే లేవు.

అందుకే బయలాజికల్ అసెంబ్లీ, అంటే ఒంట్లో పనిచేసే పూర్తి రూపం ఉన్న ఫైల్ తీసుకోండి. పాత ఫార్మాట్‌లో అదనపు గొలుసులు వేరే మోడల్‌గా, అవే పేర్లతో వస్తాయి. మొదటి మోడల్ మాత్రమే చదివే ప్రోగ్రామ్‌కు మళ్లీ సగమే కనబడుతుంది. దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది: ఫైల్‌లో ప్రోటీన్ కాపీలు నాలుగుంటే, వాటి మధ్య కాంటాక్ట్‌ల్లో కొన్ని కేవలం స్ఫటికంలో కిక్కిరిసి ఉండటం వల్ల వచ్చినవే కావచ్చు.

శుభ్రం చేయడం

నీళ్లు తీసేయండి. ఒక పక్క గొలుసు రెండు భంగిమల్లో రాసి ఉంటే ఆక్యుపెన్సీ (స్ఫటికంలో ఆ భంగిమకున్న వాటా) ఎక్కువున్నదాన్ని ఉంచి రెండోది తీసేయండి. హైడ్రోజన్లను ఎప్పుడూ తీసేయండి. ఎక్స్-రే ఫైళ్లలో అవి మామూలుగా ఉండవు, ఎన్ఎంఆర్ అనే అయస్కాంత పద్ధతి ఫైళ్లలో, సిమ్యులేషన్ ఫైళ్లలో ఉంటాయి. ఉంచేసి పోలిస్తే రెండో రకంలో కాంటాక్ట్‌లు ఊరికే పెరుగుతాయి. పరమాణువును ఎలిమెంట్ కాలమ్ చూసి గుర్తించండి. పేరు చూసి గుర్తిస్తే, సీఏ అని ఉన్న కాల్షియాన్ని అదే పేరున్న ఆల్ఫా కార్బన్ (గొలుసులో పక్క గొలుసు అతుక్కునే కార్బన్) కింద లెక్కేసే ప్రమాదం ఉంది.

పక్క గొలుసులో పరమాణువులు తక్కువైన రెసిడ్యూల జాబితా కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఉపరితలం మీది లైసిన్లలో ఇది మామూలే. చివర కనబడక దాన్ని మోడల్‌లో పెట్టకపోతే, దానికి కాంటాక్ట్‌లు లేవని మీరు చెప్పకూడదు.

అసలు చిక్కు: దేన్ని కాంటాక్ట్ అనాలి?

ఇక్కడ ఆగండి. ఇప్పటిదాకా చెప్పినవన్నీ అరగంట పని. దీనికి మాత్రం ఒక పూట ఇవ్వండి.

ఎక్కువమంది చేసేది ఆల్ఫా కార్బన్ల మధ్య దూరం కొలిచి, 7 లేదా 8 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుంటే కాంటాక్ట్ అనేయడం. కోడ్ రెండు వరుసల్లో అయిపోతుంది కాబట్టి అందరికీ అదే అలవాటు. ఇది రెండిళ్ల తలుపుల మధ్య దూరం కొలిచి వాటి చూర్లు తగులుతున్నాయో లేదో చెప్పడం లాంటిది. ఆర్జినిన్, గ్లుటామేట్ పొడవైన పక్క గొలుసులున్నవి. వాటి ఆల్ఫా కార్బన్లు 10 ఆంగ్‌స్ట్రామ్‌లకు పైగా దూరంలో ఉండి కూడా కొసలు కలిసి గట్టి సాల్ట్ బ్రిడ్జ్ (వ్యతిరేక ఆవేశాల ఆకర్షణ) ఏర్పడొచ్చు. 8 అనే కటాఫ్ (హద్దు దూరం) దాన్ని వదిలేస్తుంది. అదే కటాఫ్, పక్క గొలుసులు చెరో వైపుకు తిరిగి ఒకదాన్నొకటి ఏమాత్రం తాకని జంటను కాంటాక్ట్‌గా రాసేస్తుంది. మ్యుటేషన్ ప్రభావం చెప్పబోయేవాళ్లకు ఈ రెండు తప్పులూ ప్రాణాంతకమే.

బీటా కార్బన్ల (పక్క గొలుసులోని మొదటి కార్బన్ల) మధ్య 8 ఆంగ్‌స్ట్రామ్‌లు అనే నిర్వచనం దానికంటే నయం. గ్లైసిన్‌కు బీటా కార్బన్ ఉండదు కాబట్టి దానికి ఆల్ఫా తీసుకుంటారు. ప్రోటీన్ నిర్మాణాన్ని ఊహించే కాస్ప్ పోటీల్లో కాంటాక్ట్ అంచనాలకు మార్కులు వేసింది దీనితోనే, ఆ పనికి అది సరిపోతుంది. కానీ మీ చేతిలో నిర్మాణం మొత్తం, ప్రతి పరమాణువు స్థానంతో సహా ఉన్నప్పుడు దాన్ని పక్కనబెట్టి ఒక్క కార్బన్‌తో అంచనా కట్టడం దేనికి?

నా నియమం ఇది. హైడ్రోజన్ కాని పరమాణువులన్నిటినీ తీసుకోండి. ఒక రెసిడ్యూలోని ఏ పరమాణువైనా రెండో రెసిడ్యూలోని ఏ పరమాణువుకైనా 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుంటే అది కాంటాక్ట్. ఈ అంకెకు కారణం ఉంది. కార్బన్ పరమాణువు వాన్ డర్ వాల్స్ వ్యాసార్థం (బంధం లేకుండా ఆనుకున్నప్పటి సైజు) 1.7 ఆంగ్‌స్ట్రామ్‌లు. రెండు కార్బన్లు ఆనుకుంటే కేంద్రాల మధ్య 3.4 ఉండాలి. వాటికి అంటుకుని ఉన్న హైడ్రోజన్ల వల్ల నిజంగా ఆనుకున్న జంటలు 4 చుట్టుపక్కల కనబడతాయి. నీటి అణువు అడ్డం సుమారు 2.8. 3.4కు అది కలిపితే 6 దాటుతుంది. 4.5 దగ్గర రెండు కార్బన్ల మధ్య నీరు దూరే చోటే లేదు. కటాఫ్‌ను 6 దాటిస్తే మధ్యలో నీరు ఉన్న జంటలను కూడా తాకుతున్నాయని చెప్పే స్థితి వస్తుంది.

పరమాణువులు ఎంత దగ్గరకు రాగలవన్న ఈ లెక్క చిన్నది కాదు. 1963లో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ ప్రోటీన్ గొలుసు ఏయే కోణాల్లో తిరగగలదో తేల్చింది ఇలాంటి దూరాలతోనే. వాళ్లు ఒక్కో పరమాణు జంటకు ఒక్కో కనీస దూరం పెట్టుకున్నారు. మీరు కూడా కాంటాక్ట్ రకం చెప్పేటప్పుడు అలాగే చేయాలి, దాని సంగతి కింద చెబుతాను.

ఇంకో జాగ్రత్త. ఏ కటాఫ్ పెట్టినా దాని అంచున కొన్ని జంటలు ఉంటాయి. 4.4 ఉన్నది లోపలికి, 4.6 ఉన్నది బయటికి. నిర్మాణాల్లో అంతమాత్రం తేడా సహజం. కాబట్టి 4.0, 4.5, 5.0 మూడింటితోనూ లెక్క నడపండి. మీరు చెప్పదలచుకున్న విషయం మూడింటిలోనూ నిలబడితే రాయండి. ఒక్కదానిలోనే కనబడితే అది కటాఫ్ చూపించిన తేడా, ప్రోటీన్‌ది కాదు.

లెక్క నడపడం

బయోపైథాన్‌లోని నైబర్‌సెర్చ్‌కు పరమాణువుల జాబితా, 4.5 ఇచ్చి రెసిడ్యూ స్థాయిలో జంటలు అడగండి, క్షణాల్లో ఇస్తుంది. ఒకే గొలుసులో పక్కపక్క రెసిడ్యూలు ఎప్పుడూ తాకుతూనే ఉంటాయి కాబట్టి వరుసలో 4 కంటే తక్కువ ఎడం ఉన్న జంటలను తీసేయండి. ఆల్ఫా హెలిక్స్‌లో ఒక చుట్టుకు 3.6 రెసిడ్యూలు, అందువల్ల నాలుగో రెసిడ్యూతో కాంటాక్ట్‌లు మిగులుతాయి, అవి ఉండాలి. మడత గురించే అడుగుతుంటే 24, అంతకుమించి ఎడం ఉన్నవాటిని విడిగా చూడండి. వెన్నెముక (పక్క గొలుసులు కాని అసలు గొలుసు) పరమాణువుల మధ్య మాత్రమే ఉన్న కాంటాక్ట్‌లకు వేరే కాలమ్ పెట్టండి.

మీ ప్రోటీన్ మీదికి వెళ్లేముందు క్రాంబిన్, అంటే 1సీఆర్ఎన్ మీద పరీక్షించండి. 46 రెసిడ్యూలే. అందులో మూడు డైసల్ఫైడ్ బంధాలు: 3–40, 4–32, 16–26. గంధకాల మధ్య సుమారు 2 ఆంగ్‌స్ట్రామ్‌లు రావాలి. ఇవి మూడూ పట్టికలో లేకపోతే కోడ్‌లో తప్పుంది.

నంబర్ల విషయం కూడా చూసుకోండి. ఎంఎంసిఫ్‌లో రచయితలు ఇచ్చిన నంబర్లు వేరు, డేటా బ్యాంక్ ఇచ్చిన వరుస వేరు. యాంటీబాడీల్లో 52 తర్వాత 52ఏ వస్తుంది. నంబర్లను నేరుగా తీసివేసి ఎడం లెక్కిస్తే అక్కడ తప్పుతుంది.

రకం చెప్పడం

హైడ్రోజన్ బంధానికి దాత, గ్రహీత పరమాణువుల మధ్య 3.5 లోపు, కోణం కూడా సరిపోవాలి. సాల్ట్ బ్రిడ్జ్‌కు వ్యతిరేక ఆవేశాలున్న నైట్రోజన్, ఆక్సిజన్‌ల మధ్య 4 లోపు. ఆస్పరజీన్, గ్లుటమీన్ కొసల్లో నైట్రోజన్‌ను, ఆక్సిజన్‌ను ఎక్స్-రే విడిగా గుర్తించలేదు, తలకిందులుగా పెట్టి ఉండొచ్చు. హిస్టిడిన్ వలయానిదీ ఇదే బాధ. నిర్మాణాలను సరిచూసే మోల్‌ప్రోబిటీలోని రెడ్యూస్ అనే ప్రోగ్రామ్ వీటిని సరిచేస్తుంది. హైడ్రోజన్ బంధాలు లెక్కించే ముందు ఇది నడపాల్సిందే.

సంఖ్యలు పోల్చేటప్పుడు రెసిడ్యూ పరిమాణం మరవకండి. గ్లైసిన్‌లో హైడ్రోజన్ కాని పరమాణువులు 4, ట్రిప్టోఫాన్‌లో 14. గ్లైసిన్ స్థానంలో ట్రిప్టోఫాన్ వచ్చాక కాంటాక్ట్‌లు పెరగడం వింతేమీ కాదు, దాన్ని స్థిరత్వం పెరిగిందనడానికి ఆధారంగా చూపకండి.

చివరగా, ముఖ్యమనుకున్న ప్రతి కాంటాక్ట్‌నూ పైమోల్‌లో తెరిచి చూడండి. పట్టికతో పాటు ఫైల్ కోడ్, అసెంబ్లీ సంఖ్య, ఏ పరమాణువులు, ఏ కటాఫ్, ఎంత ఎడం తీసేశారు అన్నవి రాయండి. ఈ ఐదూ లేని పట్టికను ఇంకొకరు మళ్లీ చేసి సరిచూడలేరు.