రిషికేశ్‌లో రాఫ్ట్ ఎక్కేముందు

చార్‌ధామ్ తిరిగొచ్చి రిషికేశ్‌లో ఒక పూట ఖాళీ దొరికితే మనవాళ్ళ చూపు రాఫ్టింగ్ మీద పడుతుంది, అంటే గాలి నింపిన రబ్బరు పడవలో (రాఫ్ట్‌లో) గంగ మీద తెడ్డు వేసుకుంటూ దిగువకి రావడం. టికెట్ దొరకడం పెద్ద పని కాదు. అడుగడుగునా బోర్డులే. తెలుసుకుని వెళ్ళాల్సినవి రెండు: ఎక్కడ ఎక్కాలి, నీళ్ళలో పడితే మొదటి నాలుగైదు సెకన్లలో ఏం చెయ్యాలి.

దాదాపు అందరూ దిగేది రిషికేశ్‌లోనే. ఎక్కే చోటు ఎంత ఎగువన ఉంటే ప్రయాణం అంత పొడవు. బ్రహ్మపురి నుంచి సుమారు 9 కిలోమీటర్లు, శివపురి నుంచి 16, మెరీన్ డ్రైవ్ నుంచి 25, కౌడియాలా నుంచి 35. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి శివపురి సరిపోతుంది: రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ లాంటి మంచి ర్యాపిడ్లు (నది అలలు లేస్తూ ఉరికే చోట్లు) ఆ దారిలోనే వస్తాయి. భయస్తులుంటే బ్రహ్మపురి. కౌడియాలా దారిలో 'ద వాల్' అనే ర్యాపిడ్ ఉంది. ర్యాపిడ్లను 1 నుంచి 6 దాకా గ్రేడ్లుగా చెబుతారు, అది 4 దాటినది. కొట్టువాడు ఎంత ఊరించినా మొదటిసారే అటు వెళ్ళకండి.

జూలై, ఆగస్టుల్లో వరద కారణంగా రాఫ్టింగ్ ఆపేస్తారు. అక్టోబరు, నవంబరు, మార్చి, ఏప్రిల్ నెలలు హాయిగా ఉంటాయి. మే, జూన్‌లలో శని ఆదివారాలు వెళ్తే నదిలో కన్నా శివపురి రోడ్డు మీద ట్రాఫిక్‌లోనే ఎక్కువ సేపు గడుస్తుంది, పొద్దున్నే మొదటి ట్రిప్పు పట్టుకోండి. భాగీరథి, అలకనంద దేవప్రయాగలో కలిసి గంగై ఇటు వస్తాయి. భాగీరథి మీద టెహ్రీ డ్యాం ఉంది కాబట్టి కరెంటు కోసం నీళ్ళు వదిలిన దాన్నిబట్టి ఒకే రోజులో మట్టం మారుతుంది, దానితో పాటే ర్యాపిడ్ తీరూ మారుతుంది. 'నిన్న మావాళ్ళు వెళ్ళొచ్చారు, ఏం కాలేదు' అన్న మాట ఇక్కడ పనికిరాదు.

14 ఏళ్ళు నిండని పిల్లల్ని ఎక్కించరు. వయసు పెంచి చెప్పకండి, లైఫ్ జాకెట్ వాళ్ళ ఒంటికి బిగిసి పట్టదు. గర్భిణులు, గుండెజబ్బు, ఫిట్స్ ఉన్నవాళ్ళు, ఈమధ్య ఆపరేషన్ అయినవాళ్ళు, భుజం కీలు జారిన అనుభవం ఉన్నవాళ్ళు ఒడ్డునే ఉండాలి.

జీన్స్, చున్నీ, చీర వద్దు. నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతాయి, తడిసిన చున్నీ తాడుకో తెడ్డుకో చుట్టుకుంటుంది. త్వరగా ఆరే టీషర్టు, ట్రాక్ ప్యాంటు, వెనక పట్టీ ఉన్న చెప్పులు చాలు. కళ్ళజోడుకి తాడు కట్టండి. ఉంగరాలు, నల్లపూసలు గదిలోనే పెట్టి రండి. చన్నీళ్ళకి వేళ్ళు ముడుచుకుని ఉంగరం ఎప్పుడు జారిందో కూడా తెలియదు.

లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ కింది నుంచి పైకి పెట్టుకుని పట్టీలు లాగండి. తర్వాత పక్కవాళ్ళని భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తమనండి. జాకెట్ చెవుల దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టు. నీళ్ళలో పడ్డప్పుడు అది ముఖం మీదికి వచ్చి ఊపిరి ఆడనివ్వదు. హెల్మెట్ కనుబొమల మీద రెండు వేళ్ళ ఎత్తులో ఉండాలి. వెనక్కి జారితే నుదురు బయటపడుతుంది.

రాఫ్ట్‌కి ఇంజన్ ఉండదు, ఇంజన్ మీరే. పాపికొండల లాంచీలో కూర్చున్నట్టు లోపల కూర్చుంటే కుదరదు. బయటి ట్యూబు మీద కూర్చుని, పాదం ముందు భాగం అడ్డ ట్యూబు కింద దూర్చాలి. మడమ దాకా దూర్చితే బయటికి పడేటప్పుడు కాలు చిక్కుకుంటుంది. ఒక చేయి తెడ్డు కర్ర మీద, రెండోది పైన 'టి' ఆకారపు పిడి మీద. ఈ రెండో చేయి ఏ పరిస్థితిలోనూ వదలకూడదు. గంగలో పళ్ళూడేది రాళ్ళకి తగిలే అనుకుంటారు గానీ, ఎక్కువగా పక్కవాడు వదిలేసిన ఆ పిడి మూతికి తగలడం వల్లే.

'ఫార్వర్డ్' అంటే ముందుకి, 'బ్యాక్' అంటే వెనక్కి, 'స్టాప్' అంటే తెడ్డు ఆపడం, 'గెట్ డౌన్' అంటే తాడు పట్టుకుని లోపలికి జారి కూర్చోవడం. గైడు హిందీ మీకు అర్థం కాకపోతే ఒడ్డునే చెప్పి, మాటలు ఒకసారి చెప్పించుకోండి, అలల హోరులో అడిగే వీలుండదు. పెద్ద అల ఎదురైనప్పుడు భయంతో తెడ్డు ఎత్తేస్తారు. అదే అసలు తప్పు. వేగం తగ్గిన రాఫ్ట్ అల మీద ఆగి, అడ్డం తిరిగి, బోల్తా పడుతుంది. గైడు ఆపమనే దాకా తెడ్డు వేస్తూనే ఉండండి.

పడిపోతే ముందు పైకి తేలి ఊపిరి తీసుకోండి. రాఫ్ట్ చేతికి అందితే దాని చుట్టూ ఉన్న తాడు పట్టుకోండి. అందకపోతే వెల్లకిలా తిరిగి, పాదాలు దిగువ వైపు పెట్టి, బొటనవేళ్ళు నీటి పైన కనబడేలా ఎత్తండి. దారిలో రాయి వస్తే కాళ్ళతో నెట్టుకోవచ్చు. మోకాలి లోతే కదా అని నిలబడకండి: పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటే వెనక నుంచి వచ్చే ప్రవాహం మనిషిని ముందుకి వంచి నీళ్ళలో ముంచేస్తుంది. మీరు రాఫ్ట్ కిందికి వెళ్ళిపోతే రెండు చేతులతో దాని అడుగుని తడుముకుంటూ ఒకే దిక్కుకి సాగండి. అటూ ఇటూ తిరిగితే అక్కడే ఉండిపోతారు.

గైడు సంచిలోంచి తాడు విసిరితే సంచిని కాదు, తాడుని పట్టుకోండి, సంచి పట్టుకుంటే లోపల మిగిలిన తాడు వదులై మిమ్మల్ని ఇంకా దిగువకి కొట్టుకుపోనిస్తుంది. తాడుని గుండెకి ఆనించి వెల్లకిలా ఉండండి, చేతికి చుట్టుకోవద్దు. ఎవరినైనా పైకి లాగాల్సి వస్తే చేతులు పట్టి లాగకండి, భుజం కీలు జారుతుంది. ముఖం రాఫ్ట్ వైపు ఉండేలా తిప్పి, జాకెట్ భుజం పట్టీలు పట్టుకుని, ఒకసారి కిందికి ముంచి వెంటనే వెనక్కి పడిపోతూ లాగండి. జాకెట్ తేలుడు మీకు సాయం చేస్తుంది, ఆ మనిషి మీ మీద పడతాడు, పర్లేదు.

నెమ్మదైన చోట గైడు నీళ్ళలోకి దిగమంటాడు. ఈత రాకపోయినా రాఫ్ట్ తాడు పట్టుకుని తేలొచ్చు. ఎత్తైన బండ మీంచి దూకమని మొహమాట పెడితే మాత్రం కుదరదనండి.

మిమ్మల్ని పైకి తీసుకెళ్ళిన జీపు ఎక్కడ ఆగుతుందో, పొడిబట్టలు, తువ్వాలు ఎవరి దగ్గర వదిలారో ముందే కనుక్కోండి. రాఫ్ట్ దిగాక మెట్లెక్కి తడిబట్టలతోనే కౌంటరు దాకా నడవాల్సి వస్తుంది, డిసెంబరులో అయితే పళ్ళు టకటకలాడతాయి.