ఎనిమిది అంగల లెక్క

హనుమకొండలో పాత బైకుల ప్రదర్శనకు వెళ్లినప్పుడల్లా నాది ఒకటే ఇబ్బంది: జూమ్ లేని 50 ఎంఎం లెన్సులో బండి మొత్తం పట్టదు. ముందు చక్రమో, వెనక మడ్‌గార్డో తెగిపోతుంది.

ఈసారి అంగలు లెక్కపెట్టాను. ఏపీఎస్-సీ సెన్సర్ కెమెరా (ఫొటో పడే సెన్సర్ 35 ఎంఎం ఫిల్మ్ కన్నా చిన్నగా ఉండేది) అయితే బండి పక్క నుంచి ఎనిమిది అంగలు, అంటే దాదాపు 6 మీటర్లు వెనక్కి నడవండి. రెండు మీటర్ల బండి, చుట్టూ కాస్త ఖాళీతో సహా ఫ్రేములో కూర్చుంటుంది. లెన్సు ఇంజిన్ ఎత్తుకు వచ్చేలా మోకాలిమీద కూర్చోండి. ఎపర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్/5.6 చాలు.

వివరాల కోసం మాత్రం అర మీటరు దూరానికి వెళ్లి, ఎఫ్/4 పెట్టి, ఎదురుగా నిలిచి తీయాలి. కిక్కుకూ గేరుకూ ఒకే లివర్ ఉండే పాత ఎజ్డీ బైకు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎంత అందమైన ఏర్పాటు! ఆ లివర్ రబ్బరు మీద కాలికింద అరిగిన గీతలు కూడా స్పష్టంగా వచ్చాయి.

జనం పెరిగాక ఈ లెక్క పనిచేయదు. ఆ ఆరు మీటర్ల మధ్యలో ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. మొత్తం బండి ఫొటోలు ఉదయం గేటు తెరవగానే తీసేసుకోండి, దగ్గరివి తర్వాతైనా దొరుకుతాయి.